పరుగుకు ముందు పద్నాలుగు నిమిషాలు, తర్వాత పదమూడు: ఒంగోలు గ్రౌండు ప్రాజెక్టు డైరీ

పని ఇదీ: పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారవుతున్న 32 మందికి సరిపడే వార్మప్ ఒకటి, పరుగు అయ్యాక చేసే స్ట్రెచింగ్ ఒకటి కట్టి నిలబెట్టాలి. ఈవెంట్స్ మూడు. మగవాళ్ళు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, 100 మీటర్లు 15 సెకన్లలో పూర్తిచెయ్యాలి, లాంగ్ జంప్ 3.80 మీటర్లు దూకాలి. ఆడవాళ్ళకి 10 నిమిషాల 30 సెకన్లు, 18 సెకన్లు, 2.75 మీటర్లు. స్థలం ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయే దారివైపు ఒక హైస్కూలు గ్రౌండు. నల్లరేగడి మీద గ్రావెల్ తోలిన నేల, చుట్టు 200 మీటర్లు. పొద్దున 5.15కి మొదలుపెడితే 6.45కల్లా ఖాళీ చెయ్యాలి. ఈ గంటన్నరలో వార్మప్‌కి 15 నిమిషాలకు మించి ఇవ్వలేం.

మొదటి వారం: ఉన్నది ఉన్నట్టు

పాత పద్ధతిని ముట్టుకోకుండా మూడు రోజులు వాచీ పెట్టి చూశాం. ఒక రౌండు పరుగు, గుండ్రంగా నిలబడి మెడ మొదలు మడమ దాకా సాగదీత, ఆ వెంటనే 100 మీటర్లు ఫుల్ స్పీడు. చివర్లో మాత్రం ఏమీ లేదు. పరుగు ఆగినచోటే కూలబడటం, నీళ్ళు తాగడం, బైకెక్కడం.

పరుగు నిమిషంన్నర కూడా లేదు, సాగదీత 13 నిమిషాలు. అంటే ఒళ్ళు కాగకముందే సాగదీస్తున్నారు, సాగదీస్తూ నిలబడేసరికి ఆ కాస్త వేడి కూడా చల్లారుతోంది. కండ వేడి ఒక్క డిగ్రీ పెరిగితే దాని సత్తువ 2 నుంచి 5 శాతం దాకా పెరుగుతుంది. ఆ వేడి పెరగాలంటే కనీసం 3 నుంచి 5 నిమిషాలు కదలాలి, 10 నుంచి 20 నిమిషాలకు ఒక స్థాయికి వచ్చి ఆగుతుంది. నిలబడి సాగదీస్తే రాదు.

ఇంకో లోపం లెక్కబెట్టడంలో ఉంది. "పది దాకా పట్టుకోండి" అంటే ముందున్నతను ఎంత గట్టిగా అరిస్తే అంత తొందరగా పది వచ్చేస్తోంది. వాచీలో చూస్తే ఆరేడు సెకన్లు. తొడ ముందు కండకి ఆరు సెకన్లు, తొడ వెనకకి మాత్రం నాలుగు రకాలు వరసపెట్టి నిమిషంన్నర. రెండూ తప్పే. ఒక్క కండని 60 సెకన్లు దాటి పట్టి ఉంచితే ఆ వెంటనే దాని బలం, దూకే సత్తా కొద్ది శాతం తగ్గుతాయి. 30 సెకన్లలోపు అయితే తేడా లెక్కలోకి రాదు. పరుగు సమయంలో ఒక్క శాతం తేడా వచ్చినా 15 సెకన్ల కటాఫ్ మీద అది 0.15 సెకను. క్వాలిఫై అయ్యేవాణ్ణి ఇంటికి పంపడానికి అది చాలు.

తీర్మానం: పట్టి ఉంచే సాగదీత మొత్తం పరుగు తర్వాతకి జరపాలి. ముందు భాగంలో కదులుతూ చేసేవే ఉండాలి.

రెండో వారం: లేన్లు, సామాను

నాలుగు లేన్లు గీశాం. ఒక్కోటి 20 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు. నిలువు గీతలు ఐదు, అడ్డం రెండు, మొత్తం 112 మీటర్లు. దీనికి పది కిలోల ముగ్గుపిండి సరిపోయింది. వెల్లవేసే సున్నం పొడి వాడొద్దు. పొద్దున గాలికి లేచి కళ్ళలో పడితే మంటతో పోదు, కన్నే దెబ్బతింటుంది. చెమట పట్టిన కాళ్ళకి అంటినా చర్మం పొక్కుతుంది.

గుర్తులకి లీటరు నీళ్ళ సీసాలు 16. సముద్రపు గాలికి ఖాళీ సీసా నిలవదు, సగానికి ఇసుక పోస్తే కదలదు. నిండా పోయొద్దు, కాలు తగిలినప్పుడు సీసా పడాలి గానీ మనిషి పడకూడదు.

స్ట్రెచింగ్‌కి పట్టీలు కొనలేదు. మొదట తువ్వాళ్ళు తెమ్మన్నాం. ఐదడుగుల తువ్వాలు పాదానికి వేసి వెల్లకిలా పడుకుంటే పొడుగు మనుషులకి చెయ్యి అందక తల, భుజాలు నేలమీద నుంచి లేస్తున్నాయి. లుంగీ మెలిపెడితే రెండు మీటర్లు వస్తుంది, హాయిగా అందుతుంది. ఆడపిల్లలు చున్నీలు వాడారు. నైలాన్ చున్నీ చేతిలో జారుతుంది, నూలుదైతే మేలు.

పిక్కల కోసం వాలుబల్లలు నాలుగు. 30 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు చెక్క, ఒక అంచు కింద దిమ్మ. దిమ్మ 8 సెంటీమీటర్లు ఉంటే వాలు 15 డిగ్రీలు, 10 ఉంటే 20 డిగ్రీలు. మొదటి బల్లకి 13 పెట్టాం, 25 డిగ్రీలు దాటింది. సగంమంది దానిమీద నిలబడలేక నడుము వెనక్కి వంచేస్తున్నారు. అన్నిటినీ 8కి దించాం. పైన పాత సైకిల్ ట్యూబు చీల్చి మేకులు కొట్టాం, లేకపోతే తడి కాలు జారుతుంది. మేకుల తలలు చెక్కలోకి దిగేదాకా కొట్టాలి.

అదే వారంలో గోడ పరీక్ష కూడా పెట్టాం. కాంపౌండు గోడ దగ్గర నేలమీద టేపు అంటించి, పాదం గోడకి దూరంగా పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించాలి. బొటనవేలికి, గోడకి మధ్య ఎంత దూరం దాకా తాకించగలరో అది ఆ చీలమండ కొలత. 9, 10 సెంటీమీటర్లకన్నా తక్కువ వస్తే ఆ చీలమండ బిగుసుకున్నట్టు. రెండు కాళ్ళకి మధ్య రెండు సెంటీమీటర్ల తేడా వచ్చినా రాసిపెట్టుకోవాలి. చాలామంది కొలత వచ్చేలా మడమ లేపేస్తారు. మడమ కింద కాగితం ముక్క పెట్టి పట్టుకుంటే దొంగతనం దొరికిపోతుంది, కాగితం లాగితే రాకూడదు. ఇంట్లో, పొలంలో గొంతుక్కూచోవడం అలవాటున్నవాళ్ళకి ఈ కొలత సులువుగా వస్తోంది. మడమలు నేలకానించి కూర్చోలేక వెనక్కి పడిపోయేవాళ్ళే గోడ దగ్గరా ఆగిపోతున్నారు.

మూడో వారం: వార్మప్ మొదటి కూర్పు, అది ఎక్కడ చెడింది

కాగితం మీద 14 నిమిషాలు వేసుకున్నాం. గ్రౌండు మీద 26 పట్టింది. ఎక్కడ కారుతోందో చూస్తే లేన్ల దగ్గర. ఒక్కో లేన్లో ఎనిమిదిమంది, ఒకడు చివరిదాకా వెళ్తేగానీ రెండోవాడు కదలడం లేదు. 20 మీటర్లకి 10 సెకన్లు వేసుకున్నా ఒక్కొక్కడు 70 సెకన్లు ఊరికే నిలబడతాడు. దీనికి మందు ఈల. ప్రతి 4 సెకన్లకి ఒక ఈల, ఈలకొకరు బయల్దేరాలి. ఎనిమిదోవాడు 28వ సెకనులో కదులుతాడు, 40 సెకన్లలోపు లేను ఖాళీ. తిరుగు నడక లేన్ల బయటనుంచి.

రెండోది పల్లేరు ముళ్ళు. చేతులు నేలకానించి ముందుకు పాకే కదలిక ఒకటి, వెల్లకిలా పడుకుని నడుము లేపేది ఒకటి పెట్టాం. మొదటి రోజే అరచేతుల్లో, వీపుల్లో ముళ్ళు. గ్రౌండంతా ఏరడం అయ్యే పనికాదు, వాన పడితే మళ్ళీ మొలుస్తాయి. నేలని తాకేవన్నీ తీసేసి నిలబడి చేసేవి పెట్టాం. పిరుదుల కండలు లేపడానికి ఒంటికాలి మీద ముందుకు వంగడం (వీపు తిన్నగా, వెనక కాలు వీపుతో సమంగా) సరిపోయింది.

ఇప్పుడు నడుస్తున్న కూర్పు:

నిమిషం నడక, నాలుగు నిమిషాలు నిదానం పరుగు. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగం. మూడు రౌండ్లు దాటితే వేగం ఎక్కువైనట్టు. కొందరు ఇక్కడే పోటీ పడతారు, వాళ్ళని చివర నిలబెట్టాలి.

మూడు నిమిషాలు కీళ్ళ పని. గోడ పట్టుకుని కాలు ముందుకీ వెనక్కీ 10, అడ్డంగా 10, రెండో కాలికీ అంతే. మోకాలు గోడవైపు నెట్టే చీలమండ కదలిక కాలికి 10. పెద్ద అడుగు వేసి దిగి, ముందున్న కాలివైపు నడుము తిప్పడం, 8 అడుగులు. ఊపేటప్పుడు కాలు ఎంత ఎత్తు లేచిందన్నది ముఖ్యం కాదు. నడుము వంగకుండా ఎంత లేస్తే అంతే.

రెండు నిమిషాలు కండలు లేపడం. ఒంటికాలి వంగుడు కాలికి 8, మునివేళ్ళ మీద లేవడం 15, అరకూర్చీ ఎత్తుకి గొంతుక్కూచుని లేవడం 8.

నాలుగు నిమిషాలు లేన్లు, మొత్తం ఐదు ట్రిప్పులు. మోకాలు నడుము ఎత్తుకి లేపి నడక ఒకసారి. అదే ఎగురుతూ రెండుసార్లు, ఇక్కడ పాదం మనిషి కిందే పడాలి, ముందుకు చాచకూడదు. మడమ పిరుదుకి తగిలించేది ఒకసారి. పక్కకి అడుగులు ఒకసారి, సగం దూరం వెళ్ళాక ముఖం తిప్పాలి.

చివర 60 మీటర్ల పరుగులు మూడు. మొదటిది 60 శాతం, రెండోది 75, మూడోది 90. దీన్ని తీసెయ్యమని అడిగినవాళ్ళు చాలామంది, అలుపొస్తుందని. తీసెయ్యొద్దు. తొడ వెనక కండ తెగేది సాధారణంగా ఫుల్ స్పీడులో కాలు ముందుకు విసిరి నేలకానించబోయే క్షణంలో. ఆ వేగం ఆ రోజుకి మొదటిసారి 100 మీటర్ల టైమింగ్‌లోనే చూపిస్తే కండకి అదే మొదటి వార్త. మూడు పరుగులూ, మధ్యలో నడిచి రావడంతో కలిపి మూడున్నర నిమిషాలు. వాటిని 14లో కలపలేదు, ఆనాటి ప్రాక్టీసు ఖాతాలో వేశాం. ఇది కొంచెం లెక్కల మాయే, కానీ అందరూ ఒప్పుకున్నారు.

లాంగ్ జంప్ రోజున మూడో పరుగు బదులు ఐదారు అడుగుల చిన్న పరుగుతో రెండు తేలిక దూకుళ్ళు. ముందు గుంటలో ఇసుక పారతో తిరగెయ్యాలి. రాత్రి మంచుకి పై పొర బిగుస్తుంది.

నాలుగో వారం: పరుగయ్యాక

ఇక్కడ మా అంచనాలు కొన్ని సరిదిద్దుకోవాల్సి వచ్చింది. "స్ట్రెచింగ్ చేస్తే రేపు నొప్పులుండవు" అని చెప్పి మొదలుపెడితే, రెండోరోజు నొప్పులు రాగానే జనం మానేస్తారు. నొప్పుల మీద స్ట్రెచింగ్ ప్రభావం చాలా తక్కువని 2011లో వచ్చిన కోక్రేన్ సమీక్ష (ఒక విషయం మీద వచ్చిన వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచేది) తేల్చింది. 100 పాయింట్ల నొప్పి కొలత మీద, వ్యాయామం తర్వాత చేసే స్ట్రెచింగ్ తగ్గించేది సుమారు ఒక పాయింటు. దెబ్బల సంగతీ అంతే. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1538 మందిని 12 వారాలు చూస్తే, వ్యాయామానికి ముందు సాగదీసినా కాళ్ళ దెబ్బలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అందుకే ఇక్కడ చెప్పే కారణం ఒక్కటే: కీలు తిరిగే మేర పెరగడం. పిక్క బిగువుతో గోడ పరీక్షలో ఆగిపోయేవాళ్ళకి అది కావాలి. రెండు మూడు వారాలు విడవకుండా చేస్తేగానీ కనపడదు.

నొప్పులకి కారణం "లాక్టిక్ యాసిడ్ పేరుకోవడం" అన్న మాట ప్రతి గ్రౌండులో వినిపిస్తుంది. అది పరుగు ఆగిన గంటలోపే సర్దుకుపోతుంది. రెండోరోజు, మూడోరోజు పెరిగే నొప్పి అలవాటులేని పనికి కండ పోగుల్లో పడ్డ చిన్న చిన్న దెబ్బలది.

మొదట 5 నిమిషాలు నడక. ఇది మాత్రం బేరం లేనిది. 1600 మీటర్లు తేల్చి గీత దగ్గరే టక్కున ఆగితే, పిక్కలు నొక్కి పైకి పంపాల్సిన రక్తం కాళ్ళలోనే నిలిచి కళ్ళు తిరుగుతాయి. గీత దాటాక మరో 50 మీటర్లు పోయేలా సీసాలు పెట్టాం.

తర్వాత ఆరు సాగదీతలు, ఒక్కోటి వైపుకి 30 సెకన్లు. ఫోన్ టైమరే లెక్క, అరుపులు లేవు. వైపులు మార్చుకోవడంతో కలిపి 8 నిమిషాలు. పిక్క రెండు రకాలు (మోకాలు తిన్నగా ఉంచి వాలుబల్ల మీద, తర్వాత మోకాలు కొంచెం వంచి, ఇది లోపలి పొరకి), తొడ వెనక, తొడ ముందు, తుంటి ముందు, గజ్జ. బల్లలు నాలుగే కనుక మిగతావాళ్ళు గోడకి చేతులాన్చి చేస్తారు. పడుకుని చేసేవాటికి స్కూలు వరండా, అక్కడ ముళ్ళుండవు. బాగా బిగువున్న కండకి మాత్రం రెండోసారి ఇంటిదగ్గర, మొత్తం 60 సెకన్లయ్యేలా.

ఎక్కువ తప్పులు జరిగేది లుంగీతో తొడ వెనక కండ సాగదీసేటప్పుడు. వెల్లకిలా పడుకుని, ఒక కాలు నేలమీద తిన్నగా, రెండోదాని పాదానికి లుంగీ వేసి పైకి లాగడం. అందరూ లుంగీని వేళ్ళ దగ్గర వేస్తారు. అప్పుడు పాదం వెనక్కి వంగి మోకాలి వెనక, పిక్కలో లాగుతుంది, తొడకి పని ఉండదు. లుంగీ అరికాలి మధ్యలో, మడమకి దగ్గరగా వెయ్యాలి. లాగుడు తొడ నడిమధ్యలో తెలియాలి.

మనవైపు ఏ కండ పట్టినా "నరం పట్టింది" అంటాం. దాంతో నిజంగా నరం లాగినప్పుడు చెప్పడానికి మాట లేకుండా పోతోంది. మోకాలి వెనకనుంచి పాదం దాకా కరెంటు పాకినట్టు, తిమ్మిరెక్కినట్టు ఉంటే అది కండ కాదు, తొడ వెనకగా పోయే పెద్ద నరం. మోకాలు కొంచెం వంచి, కాలు ఒక జానెడు దించాలి. అది పోయేదాకా దించాలి గానీ పళ్ళు బిగించి పట్టుకోకూడదు. ఊపుతూ లాగడం కూడా వద్దు. ఊపిన ప్రతిసారీ కండ తనను తాను కాపాడుకోడానికి బిగుసుకుంటుంది.

తుంటి ముందు భాగానికి ఒక మోకాలు వరండాలో తువ్వాలు మీద ఆనించి ముందుకు వాలతారు. వాలడంకన్నా ఆ వైపు పిరుదు బిగించడం ముఖ్యం. బిగిస్తే అంగుళం కూడా కదలకుండానే లాగుతుంది. తొడ ముందు కండకీ అంతే, నడుము విల్లులా వంచేసి మడమ పిరుదుకి తగిలించినా లాభం లేదు.

ఐదో వారం: చెయ్యకూడని చోట్లు

గోడమీద సుద్దతో మూడు వాక్యాలు రాయించాం.

పిక్క పట్టేస్తే (ముద్ద కట్టి బిగుసుకుంటే) వెంటనే సాగదియ్యి: మోకాలు తిన్నగా, వేళ్ళు ముఖంవైపుకి.

పరుగులో తొడ వెనక ఎవరో రాయితో కొట్టినట్టయితే సాగదియ్యొద్దు: ఆగు, ఐసు, గుడ్డకట్టు, డాక్టరు. తెగిన పోగుల్ని మొదటి రోజుల్లో లాగితే చీలిక పెద్దదవుతుంది.

మోకాలి కింద, కాలి ముందు ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే పరుగు బంద్: అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు, ఏ సాగదీతా దాన్ని మాన్పదు.

ఆదివారం కొత్తపట్నం బీచిలో పరుగు అడిగారు. మెత్తటి పొడి ఇసుకలో మడమ దిగబడి పిక్కకి పని బాగా పెరుగుతుంది, బిగువు పిక్కలవాళ్ళు సోమవారం కుంటుతారు. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, కానీ ఒడ్డు వాలు వల్ల ఒక కాలు పొట్టిదైనట్టు పడుతుంది. పోయినంత దూరం అదే దారిన వెనక్కి రావాలి. చెప్పులు లేకుండా మొదటివారం 10 నిమిషాలు చాలు.

ఆరో వారం: ఎండ, క్యూ

రోహిణి కార్తె వచ్చింది. 5.15కే చెమట పడుతోంది. వేడి కోసం చేసే పరుగు నాలుగు నిమిషాలనుంచి రెండుకి తగ్గించాం, కీళ్ళ పని, లేన్లు అలాగే ఉంచాం. 1600 మీటర్ల రోజున ఒళ్ళు ముందే మరీ కాగితే చివరి రెండు రౌండ్లలో ఆ వేడే కాళ్ళు పట్టుకుంటుంది. 60 మీటర్ల పరుగులు కూడా ఆ రోజు రెండే.

పెద్ద చిక్కు ఈవెంట్ రోజుది. ఎత్తు, ఛాతీ కొలతలు, సర్టిఫికెట్లు, వేలిముద్రలు అని వరసలో ఎంతసేపు నిలబెడతారో ముందు తెలియదు. వార్మప్ ప్రభావం 15, 20 నిమిషాలు కూర్చుంటే చాలావరకు పోతుంది. అందుకని గేటు దగ్గర చేసిన 14 నిమిషాల వార్మప్ మీద నమ్మకం పెట్టుకోకూడదు. 5 నిమిషాల చిన్న కూర్పు ఒకటి కట్టాం, రెండు అడుగుల చోటు చాలు: మునివేళ్ళ మీద చిన్న ఎగుళ్ళు 15 చొప్పున రెండుసార్లు, నిలబడ్డచోటే మోకాళ్ళు లేపుతూ పరుగు 10 సెకన్లు మూడుసార్లు, గొంతుక్కూచుని లేవడం 8, పక్కవాడి భుజం పట్టుకుని కాలు ఊపడం 8 చొప్పున. తన బ్యాచికి ముందు ఇంకో బ్యాచి మిగిలి ఉండగా మొదలుపెట్టాలి.

దీన్ని ప్రాక్టీసు చెయ్యడానికి రెండు రోజులు 40 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, ఈల కొట్టి ఐదు నిమిషాలే ఇచ్చి 100 మీటర్లు పెట్టాం. మొదటిరోజు ఎక్కువమంది ఆ ఐదు నిమిషాలూ లేస్ కట్టుకోవడంలో, నీళ్ళు తాగడంలో పోగొట్టారు. 1600 మీటర్లు అయ్యాక తర్వాతి ఈవెంట్‌కి ముందు కూడా ఇదే కూర్పు, మధ్యలో సాగదీత వద్దు. తొడలు బిగిసినట్టు అనిపించి లుంగీ తీస్తున్నారు. ఆ రోజు లుంగీలు ఇంట్లోనే వదిలి రావాలని రూలు పెట్టాం.

ఏడో వారం

రెండు వానలు పడ్డాయి. నల్లరేగడి గ్రావెల్‌ని మింగేసింది, బూటుకి కిలో మట్టి. ముగ్గు గీతలు కొట్టుకుపోయాయి. లేన్ల పని వరండాలోకి మార్చాం. 20 మీటర్లకి 14 మీటర్లే వచ్చాయి, ఈల 3 సెకన్లకి తగ్గించాం. గచ్చు తడిస్తే ఎగురుతూ చేసేవి బంద్, నడక రకాలే. 60 మీటర్ల పరుగులకి చోటు లేదు కనుక ఆ రోజుల్లో 100 మీటర్ల టైమింగ్ పెట్టడం లేదు.

వాలుబల్లల్లో రెండింటికి ట్యూబు అరిగి మేకుల తలలు పైకొచ్చాయి. ఈసారి మేకులకి బదులు పంక్చరు జిగురు వేసి ఒక రాత్రి బరువు పెట్టి చూస్తున్నాం.